అతుకుల బొంత



పోయిన వారం ఈ వరుసలో కపిల బాన గురించి రాసుకున్నాం. ఈ వారం వేరే సంగతి రాద్దామని కూర్చున్నాను. ఇంతలో మా అనుమసముద్రంపేట వైపు పల్లె నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. డిగ్రీ చదువుతోంది. వాళ్ళ దళితవాడ పిల్లలంతా కలిసి బొంతల పండగ చేద్దామనుకున్నారట. పండగంటే పందిరి వేసి చేసేది కాదు, ఫోన్లలోనే. ఎవరింటి బొంతను వాళ్ళు ఎండలో ఆరేసి ఫొటో తీయాలి. కుట్టిన మనిషి పేరు చెప్పాలి, ఏ ముక్క ఎక్కడిదో చెప్పించాలి. వలసపోయి చెన్నైలో, బెంగుళూరులో, కువైట్‌లో ఉన్న మనవాళ్ళు కూడా అక్కడి నుంచే చూస్తారు.

"బాగుంది కదమ్మా" అన్నాను.

"బాగుందన్నా, కానీ మా అమ్మ వద్దంటా ఉంది. మన లేమిని నలుగురికీ చూపెడతారంటే, సిగ్గులేదా అని ఒకటే తిట్టడం. అమ్మకి ఏం చెప్పాలన్నా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తల్లి అడిగింది చిన్న ప్రశ్న కాదు. పేదరికాన్ని పండగ చేసుకోవచ్చా? ఈ వారం వ్యాసం ఆ తల్లికి నేను రాసుకుంటున్న జవాబు. విద్యార్థులు, ఉద్యమంలో ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి. కాస్త పొడుగే.

ముందు మన భాషను చూడండి. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలు ఏమంటాయి? అతుకుల బొంత. గుంతలు పూడ్చీ పూడ్చక వదిలేసిన రోడ్డు? అతుకుల బొంత. పనికిమాలిన ఇద్దరు జతకడితే గంతకు తగ్గ బొంత. తెలుగులో బొంత అనే మాట దొరికే చోటల్లా పక్కనే ఒక వెక్కిరింత ఉంటుంది. పట్టుచీర సామెతల్లో గౌరవంగా కూర్చుంటుంది, బొంత మాత్రం తిట్టుగా మిగిలింది. బొంత కప్పుకుని పడుకున్నవాళ్ళు ఆ సామెతలు కట్టి ఉండరు. ఆ తల్లికి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే మొదట ఈ భాషే దొరుకుతుంది.

ఇప్పుడు మా అవ్వ దగ్గరికి వద్దాం.

మాది మెట్ట. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పెన్న పక్కనే పారుతున్నా వాన మీదే ఆశ పెట్టుకునే నేలలు ఎక్కువ. ఎండాకాలం పనులుండవు. ఆ పనుల్లేని రోజుల్లోనే మా పల్లెలో బొంతలు కుట్టేవాళ్ళు. వేపచెట్టు కింద నేల ఊడ్చి అలికేవాళ్ళు. ఒక పాత నూలు చీర పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేవాళ్ళు. దాని మీద చిరిగిన గుడ్డలన్నీ పొరలు పొరలుగా సర్దేవాళ్ళు. ఎక్కడ పలచగా ఉంటే అక్కడ ఇంకో పీలిక. అన్నిటికంటే పైన కాస్త రంగు మిగిలిన ముక్కలు. పెద్ద సూది, పాత చీర అంచులోంచి లాగి పేనిన దారం. నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా కూర్చుని అంచు నుంచి లోపలికి వరస వెంట వరస కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. వరసలు నడుమన కలిసేసరికి బొంత అయిపోయేది. ఇది ఎవరి బొంత అనే లెక్క ఉండేది, ఎవరు కుట్టారనే కూలి లెక్క ఉండేది కాదు. ఈ రోజు నీది, రేపు నాది.

"ఇన్ని ముక్కలెందుకవ్వా?" అని అడిగితే మా అవ్వ, "పెద్ద గుడ్డ ఎవురిచ్చినారు నాయనా మనకి?" అనేది. అంతే. మళ్ళీ కుట్టుకునేది.

ఆ బొంతలో నాకు గుర్తున్న ముక్కలు చెబుతాను. నీలం గళ్ళది మా తాత లుంగీ. ఆయన మద్రాసులో మూటలు మోసిన రోజుల్లో కట్టుకున్నది. ఇంకోటి జనతా చీర ముక్క. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక కిలో రెండు రూపాయల బియ్యంతో పాటు సగం ధరకు చీరలు, ధోవతులు ఇచ్చింది గుర్తుందా, ఆ చీర. అడుగున ఒక సంచి గుడ్డ ఉండేది, దాని మీద రెండు చేతులు కలిపిన బొమ్మ సగం చెరిగిపోయి కనపడేది. బడిలో మా నాయన తరం పిల్లలకు ఉప్మా చేసి పెట్టిన అమెరికా గోధుమనూక సంచి అది. ఒక జరీ అంచు ముక్క ఆసామి ఇంటిది. నాట్లయ్యాక మా అవ్వకు పాత చీర ఇచ్చి కూలిలో కోసుకున్నారట. చిన్న పూల గుడ్డ ఒకటి ఉండేది. దాని గురించి అడిగితే అవ్వ మాట్లాడేది కాదు. అది మా నాయనకు పెద్దక్క పావడా అని, ఆమె ఏడేళ్ళకే జ్వరంతో పోయిందని అమ్మ తర్వాత చెప్పింది. మా ఇంట్లో ఆ పిల్లకు ఫొటో లేదు, జనన ధ్రువీకరణ లేదు, సమాధి రాయి లేదు. ఆ గుడ్డ ఒక్కటే ఉంది.

మిత్రులారా, చరిత్రకారులు దేన్ని ఆధారం అంటారు? శాసనం, దస్తావేజు, చిట్టా. మన దగ్గర భూమి లేదు కాబట్టి దస్తావేజు లేదు. అక్షరం రానివ్వలేదు కాబట్టి డైరీ లేదు. వలస, కూలి, బడి, ప్రభుత్వ పథకం, ఆసామి దయ పేరుతో జరిగిన మోసం, చచ్చిపోయిన బిడ్డ, అన్నీ వరసగా కుట్టి ఉన్న ఆ బొంతను దస్తావేజు కాదని ఎవరనగలరు?

ఇక అవ్వ మాటకు వద్దాం. పెద్ద గుడ్డ మనకు ఎవరిచ్చారు?

మనుస్మృతి పదో అధ్యాయం చండాలులు ఏం కట్టుకోవాలో చెబుతుంది. శవాల మీద కప్పిన బట్టలు. అంటే కొత్త గుడ్డ మన ఒంటి మీదికి రావడం ధర్మం ప్రకారమే నేరం. హరిశ్చంద్ర నాటకం ఊరూరా చూశాం కదా, కాటికాపరి వాటాగా శవం మీది గుడ్డ అడిగే ఘట్టానికి జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. రాజు ఆ పని చేస్తే కన్నీళ్ళు. తరతరాలుగా ఆ పనే రాసిపెట్టిన మనుషుల గురించి ఏ రంగస్థలం మీద ఏడ్చారు?

పాలేరు జీతాల సంగతి తీసుకోండి. ఏడాది చాకిరీకి ఇన్ని పుట్ల ధాన్యం, ఒక పంచె, ఒక కంబళి, ఒక జత చెప్పులు అని మాట్లాడుకోవడం చాలాచోట్ల రివాజు. ఇంట్లో ఏడుగురుంటే ఒక్క కంబళి. మిగతా ఆరుగురికీ చలి వేయదా? ఆ ఆరుగురి కోసమే బొంత పుట్టింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది, విద్యార్థులు రాసిపెట్టుకోండి. ఒంటి నిండా గుడ్డ లేని ఈ మనుషులే గుడ్డ నేసినవాళ్ళు కూడా. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో మాలల గురించి రాస్తూ, గుడిలోకి రానివ్వరని, ఊరి బావి ముట్టనివ్వరని, వాళ్ళకు వాళ్ళే మంగలి పని, చాకలి పని చేసుకోవాలని చెబుతాడు. ఆ పక్కనే, కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి పల్లెల్లో మగవాళ్ళు కట్టుకునే ముతక తెల్లగుడ్డను వీళ్ళు నేస్తారని కూడా రాస్తాడు. ఊరు కట్టుకునే పంచె నేసింది మాల మగ్గం. ఆ పంచె కట్టుకున్నవాడే ఆ నేతగాణ్ణి బావి దగ్గరికి రానివ్వలేదు. ఈనాటికీ షెడ్యూల్డు కులాల జాబితా తెరిస్తే మాల సాలె, నేతకాని అనే పేర్లు కనపడతాయి. మగ్గం మన కులం పేరులోనే ఉంది. చేనేత చరిత్ర రాసినప్పుడు మాత్రం మన పేరు అంచు దగ్గరే తెగిపోతుంది.

ఇప్పుడు కాసేపు సముద్రం వైపు పోదాం.

మన నెల్లూరు తీరంలో దుగరాజపట్నం ఉంది. మద్రాసు కోట కట్టకముందు, 1620లలో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ పెట్టింది. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అనేవాళ్ళు. ఇంకాస్త కిందికి పోతే పులికాట్, అక్కడ అంతకుముందే డచ్చివాళ్ళు దిగారు. వాళ్ళందరూ వచ్చింది గుడ్డ కోసం. మన తీరపు నూలుగుడ్డ ఇచ్చి తూర్పుదీవుల్లో మసాలా దినుసులు కొనేవాళ్ళు. కరువు వచ్చిన ఏళ్ళలో గుడ్డతో పాటు మనుషుల్నీ కొన్నారు. ఆ శతాబ్దంలో డచ్చివాళ్ళు పులికాట్ నుంచి బానిసల్ని ఓడలకెక్కించి బతేవియాకు పంపారు.

తర్వాత ఈ తీరపు గుడ్డ ఇంకా దూరం పోయింది. కోరమండల్ తీరపు ముతక నూలుగుడ్డకు యూరప్ వర్తకులు గినీ గుడ్డ అని పేరు పెట్టారు. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరం. అక్కడ ఆ గుడ్డ ఇచ్చి మనుషుల్ని కొన్నారు. కొన్న మనుషుల్ని అట్లాంటిక్ దాటించి తోటల్లో పనికి పెట్టారు. వర్తకులు ఎన్ని గజాలు, ఎంత ధర అని శ్రద్ధగా రాసుకున్నారు. నేసినవాడి పేరు, అమ్ముడుపోయినవాడి పేరు రాసుకునే అవసరం వాళ్ళకు రాలేదు.

ఆ ఓడలు దిగిన మనుషుల మనవరాళ్ళు కూడా బొంతలే కుట్టారు. అదే ఇప్పుడు చెప్పబోయే కథ.

అమెరికాలో అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. నది మూడు వైపులా వంపు తిరిగిన చోట జీస్ బెండ్ అనే పల్లె. 1816లో జోసఫ్ జీ అనేవాడు అక్కడ పత్తితోట పెట్టాడు. 1845లో అది మార్క్ పెట్వే అనే యజమాని చేతికి పోయింది. బానిసత్వం పోయాక కూడా జనం అక్కడే కౌలుకూలీలుగా ఉండిపోయారు. అందుకే ఇప్పటికీ ఆ పల్లెలో చాలామందికి ఇంటిపేరు పెట్వే అంటే ఆశ్చర్యం లేదు. యజమాని పేరే ఇంటిపేరైంది. 1932లో అప్పులిచ్చిన వర్తకుడు చనిపోతే, అతని వారసులు బాకీ కింద ఆ కుటుంబాల పశువుల్ని, పనిముట్లను, తిండిగింజల్ని కూడా బండ్లకెత్తుకుపోయారు. చలికాలం ముందు. ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలు, పిండిసంచులు, ఎరువుసంచులు కలిపి బొంతలు కుట్టి పిల్లలకు కప్పారు. ఆ సంచుల సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా అవ్వ బొంత అడుగున ఉన్న చేతులు కలిపిన బొమ్మ గుర్తొచ్చింది.

1960లు వచ్చాయి. 1965 మొదట్లో ఆ కౌంటీ ఓటరు జాబితాలో ఒక్క నల్లజాతి మనిషి పేరు లేదు. ఓటు నమోదు కోసం నది దాటి పట్నానికి పోతుంటే 1962లోనే పడవను ఆపేశారు. అవతలి ఒడ్డు కళ్ళెదుట కనపడుతుంది, కానీ చుట్టు తిరిగి గంట పైగా ప్రయాణం. మన పల్లెలకు దారి ఇవ్వకుండా ముళ్ళకంప కొట్టే ఊళ్ళు గుర్తొస్తున్నాయా? ఆ పడవ మళ్ళీ నడిచింది 2006లో. నలభై నాలుగేళ్ళు.

1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఆ పల్లెకు వచ్చాడు. అదే ఏడాది చివర ఫ్రాన్సిస్ వాల్టర్ అనే పాదిరి, హక్కుల ఉద్యమంలో పనిచేస్తూ ఆ కౌంటీలో తిరుగుతుంటే, ఒక ఇంటి ముందు తీగ మీద ఆరేసిన బొంతలు కనపడ్డాయి. వాటిని న్యూయార్క్‌లో వేలం వేసి ఆ డబ్బు ఉద్యమానికి వాడొచ్చని అతనికి తోచింది. 1966 మార్చిలో అక్కడి ఆడవాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. పేరు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ. తెలుగులో చెప్పాలంటే స్వేచ్ఛా బొంతల సంఘం. వాళ్ళలో చాలామంది ఓటు నమోదుకు పోయినందుకు కూలి పోగొట్టుకున్నవాళ్ళు. సంఘం సంపాదనతో భూమి కొన్నారు. ఓటు అడిగినందుకు భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించిన కుటుంబాలకు అందులో కొన్ని స్థలాలు ఇచ్చారు.

ఇది చదువుతుంటే కారంచేడు గుర్తుకు రాలేదంటే మనం మన చరిత్ర మరిచినట్టే. 1985 జూలై 17 తర్వాత కారంచేడు మాదిగ పల్లె ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరింది. మొదట చర్చిలో తలదాచుకుంది, తర్వాత అక్కడే విజయనగర్ కాలనీగా నిలబడింది. చీరాల అంటే మగ్గాల ఊరు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవలో ఆరుగురిని పోగొట్టుకుని వచ్చిన మనుషులు ఆ మగ్గాల ఊళ్ళో దుప్పటి చాలని రాత్రులు గడిపారు. ఆ రాత్రుల్లోంచే దళిత మహాసభ పుట్టింది.

జీస్ బెండ్ కథ అక్కడితో ఆగితే బాగుండేది. 2002లో ఆ బొంతల్ని హ్యూస్టన్ నగరంలో పెద్ద మ్యూజియం గోడలకు తగిలించారు. తర్వాత న్యూయార్క్. విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చి ఆకాశానికెత్తారు. 2006లో తపాలా బిళ్ళలు వేశారు. మరుసటి ఏడాదే ఆ పల్లె ఆడవాళ్ళు ముగ్గురు కోర్టుకెక్కారు. మా బొంతలకు, మా నమూనాలకు మాకు రావాల్సింది రాలేదని. ఆ కేసులు రాజీతో ముగిశాయి. కానీ పాఠం మిగిలింది. గోడ మీదికి బొంత ఎక్కినంత తేలిగ్గా కుట్టిన చేతిలోకి డబ్బు రాదు.

అంతకంటే పాత కథ ఒకటి ఉంది. హ్యారియట్ పవర్స్. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. బైబిలు కథల్ని ముక్కలు కత్తిరించి బొంత మీద బొమ్మలుగా కుట్టింది. 1886లో ఏథెన్స్ అనే ఊరి పత్తి సంతలో దాన్ని చూసిన ఒక తెల్లజాతి చిత్రకళ ఉపాధ్యాయురాలు కొంటానంది. హ్యారియట్ అమ్మనంది. కొన్నేళ్ళకు ఇల్లు గడవక తనే తీసుకుపోయి 5 డాలర్లకు ఇచ్చేసింది. ఇచ్చేముందు ఒక పని చేసింది. ఒక్కో గడిలో ఏ కథ ఉందో కూర్చుని చెప్పింది, ఆ టీచరు రాసుకుంది. తర్వాత కూడా తన బొంతను చూసుకోవడానికి వెళ్ళేదట. ఇప్పుడది వాషింగ్టన్‌లో జాతీయ మ్యూజియంలో ఉంది. గుడ్డ కొన్నవాళ్ళ చేతికి పోయింది, పేరు మాత్రం హ్యారియట్ దగ్గరే ఉంది. కథ చెప్పి ఇచ్చింది కాబట్టి.

ఎక్కడి అలబామా, ఎక్కడి ఆత్మకూరు అంటారా? 1946లో బాబాసాహెబ్ డు బాయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ కాపీ కావాలని అడిగారు. ఆ దారి మనకు కొత్త కాదు.

బాబాసాహెబ్ పేరు వచ్చింది కాబట్టి దారం గురించి ఇంకో సంగతి చెప్పాలి. బొంబాయి మిల్లుల్లో అంటరాని కులాల కార్మికుల్ని నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్ళు కాదు. కూలి ఎక్కువ వచ్చేది అక్కడే. కారణం ఏమిటంటే ఉమ్మి. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారం కొసను నోటితో పీల్చి కంతలోంచి బయటికి లాగాలి. దళితుడి నోరు తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు నోట పెట్టుకోనన్నాడు. 1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా లక్షన్నర మంది మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు అంబేద్కర్ ఈ ప్రశ్నను బల్ల మీద పెట్టారు. కార్మికవర్గ ఐక్యత అంటున్నారు, మరి మావాళ్ళకు నేత ఖాతాలో చోటెందుకు లేదు? పల్లెలో మగ్గం మీద మనం నేస్తే కట్టుకున్నారు. మిల్లులో పక్కన నిలబడి నేస్తామంటే మైల అన్నారు. మైల దారంలో లేదు, కూలి రేటులో ఉంది.

దానికి కొద్ది నెలల ముందు, 1927 డిసెంబరు 25న, మహద్‌లో మనుస్మృతి తగలబడింది. ఆ సభల రోజుల్లోనే బాబాసాహెబ్ మన ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడారు. చీరకట్టు చూసి కులం చెప్పే పద్ధతి వదిలేయండి, నిండుగా, శుభ్రంగా కట్టుకోండి అన్నారు. శవం గుడ్డ కట్టుకోమన్న పుస్తకం కాలిన చోటే చీరకట్టు మారింది. గుడ్డ మీద మన పోరాటం చిన్నదేం కాదు.

ఇక సిగ్గు సంగతి. అతుకు సిగ్గు అని ఎవరన్నారు?

బుద్ధుడి భిక్షువులు కట్టుకున్న చీవరం ఏమిటో చూడండి. పాంసుకూలం అంటారు. దుమ్ములో, చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో పడేసిన గుడ్డలు ఏరి, ఉతికి, ముక్కలు కలిపి కుట్టుకున్నది. మగధలో గట్లు కట్టిన వరిమళ్ళను చూపించి, అట్లాగే ముక్కలు కలిపి చీవరం కుట్టమని బుద్ధుడు ఆనందుడితో చెప్పాడని వినయ గ్రంథాలు చెబుతాయి. అంటే బౌద్ధుల కాషాయం కూడా అతుకుల బొంతే. అమరావతిలో, నాగార్జునకొండలో తిరిగిన భిక్షువులు కట్టుకున్నదీ ఆ అతుకుల సంప్రదాయమే. శ్మశానం గుడ్డను మనువు శిక్షగా వేశాడు, బుద్ధుడు దాన్నే రాజులు మొక్కే వస్త్రంగా మార్చాడు. సూఫీ ఫకీర్ల అతుకుల జుబ్బా కూడా అంతే. మా పేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. కులం అడగకుండా అందరూ వస్తారు. గంధానికి వచ్చిన జనం రాత్రి ఆవరణలో ఎవరి బొంత వాళ్ళు పరుచుకుని పడుకున్నప్పుడు, చిన్నప్పుడు మా అవ్వ పక్కన నేనూ పడుకున్నాను. ఆ ఒక్క చోట మా బొంతను ఎవరూ వెక్కిరించలేదు.

మన పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీలున్నారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల వారసులు. 2003లో వాళ్ళను షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంద్ అంటారు. పాత గుడ్డలే, రంగురంగుల ముక్కలే, అంచు నుంచి నడుమకు కుట్టే మా పద్ధతే. నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న ముక్కలు పెడతారు, వాటిని పూలు అంటారు. ఆ పూలు లేకపోతే బొంత బట్టలు లేని మనిషిలాంటిదని వాళ్ళ మాట. చూశారా, లేమిలో కూడా వాళ్ళు పూవును వదులుకోలేదు. మా అవ్వ కూడా జరీ ముక్కను అడుగున దాచలేదు, నట్టనడుమ పెట్టింది.

అయితే ఒక హెచ్చరిక లేకుండా ఈ వ్యాసం ముగించలేను.

నరసాపురం లేసు కథ విన్నారా? గోదావరి జిల్లాలో పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఆ పని మొదట నేర్పింది క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ ఆడవాళ్ళకు. లేసు విదేశాలకు పోవడం మొదలై లాభాలు కనపడ్డాక వ్యాపారం పైకులాల చేతికి పోయింది. అల్లే పని కూడా కాపు ఇళ్ళలో గడపదాటని ఆడవాళ్ళ పనిగా పేరుపడింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడ తిరిగి 1982లో పుస్తకం వేసింది. రోజంతా లేసు అల్లే ఆడవాళ్ళను కార్మికులు అనకుండా గృహిణులు అన్నారని, ఖాళీ సమయంలో చేసే పని అనే పేరుతో కూలి తొక్కేశారని అందులో చూపించింది. ఖాళీ సమయం! మా అవ్వ జీవితంలో ఖాళీ సమయం ఎప్పుడుందో నాకు తెలియదు.

ఇప్పుడు పట్నాల్లో పాత చీరల బొంతలకు గిరాకీ వచ్చింది. పర్యావరణం, పునర్వినియోగం అని పేర్లు పెట్టి వేలకు అమ్ముతున్నారు. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. మా ఉదయగిరి చెక్క గరిటెలకు ఉంది, సంతోషం. బెంగాల్ కాంథా కుట్టుకు, బీహార్ సుజనీకి ఉంది. అవి కూడా పాత చీరల బొంతల్లోంచి పుట్టినవే. మన బొంతను ఎవరూ ఏ జాబితాలో రాయించలేదు. అది సంతకు పోలేదు, ఇంట్లోనే అరిగిపోయింది. రేపు ఎవరో వచ్చి రాయించుకుంటే కుట్టినవాళ్ళ పేరు ఉంటుందా?

అందుకే చెల్లీ, మీ అమ్మకు ఇట్లా చెప్పు.

లేమిని పండగ చేయడం లేదని చెప్పు. లేమి మనకు గొప్ప కాదు. కంబళి కావాలి, కూలి కావాలి, భూమి కావాలి, ఆ కొట్లాట ఆగదు. బొంత కుట్టడం మన అదృష్టమని ఎవరైనా అంటే వాళ్ళకు ఒక చలికాలం మన ఇంట్లో పడక వేద్దాం. మనం పండగ చేస్తున్నది ఇంత లేమిలో కూడా పిల్లలకు చలి తగలనివ్వని ఆ చేతులకు, ఆ చేతులు పెట్టిన లెక్కకు. జీస్ బెండ్‌లో ఇప్పుడు ఏటా బొంతల్ని బయట తీగల మీద ఆరేసి పండగ చేస్తున్నారు, 2022లో మొదలైంది. నల్లులు చావడానికి మనమూ ప్రతి ఎండాకాలం కంపల మీద బొంతలు ఆరేస్తాం కదా. దానికే ఈసారి పేర్లు కలుపుతున్నాం.

పిల్లలకు నా మాట మూడు ముక్కల్లో. ఒకటి, పేరు లేకుండా ఏ బొంత ఫొటో పెట్టొద్దు. కుట్టిన మనిషి పేరు, వాడ పేరు, ఏ ముక్క ఎవరిదో, అన్నీ ఆమె గొంతుతోనే రికార్డు చేయండి, హ్యారియట్ చెప్పి ఇచ్చినట్టు. రెండు, ఆమె వద్దంటే పెట్టొద్దు. మీ అమ్మ ఒప్పుకోకపోతే మీ ఇంటి బొంత లేకుండానే పండగ చేయండి, ఆమె సిగ్గుకు కూడా చరిత్ర ఉంది. మూడు, ఎవరైనా కొంటామని వస్తే సంఘంగా మాట్లాడండి, ఒంటరిగా అమ్మొద్దు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉపదేశం చెల్లదు. హాస్టల్లో చేరిన రోజు నా ట్రంకుపెట్టెతో మా అవ్వ బొంత చుట్టి ఇచ్చింది. పక్క మంచం పిల్లవాడికి షోలాపూర్ దుప్పటి ఉంది. ఇదేందిరా అని అడిగాడు. పెట్టె కింద వేసుకోవడానికి తెచ్చిన పాతగుడ్డ అని చెప్పాను. ఆ చలికాలమంతా అది పెట్టె కిందే ఉంది. నేను ముడుచుకుని పడుకున్నాను. సెలవులకు పోతే అవ్వ అడిగింది, "చలికి ఆగిందా నాయనా?" అని. ఆగిందవ్వా అన్నాను.

ఆమె పోయినప్పుడు ఆమె పడుకున్న బొంతను కూడా ఆమెతోనే పంపేశారు, మావైపు ఆచారం. నాకు ఇచ్చినది చిరిగి చిరిగి ఇప్పుడు జానెడు ముక్క మిగిలింది. చిన్న పూల గుడ్డ ఉన్న వైపు. మీ పండగలో మొదటి ఫొటో అదే పెట్టు చెల్లీ. మా అవ్వ పేరుతో పాటు, ఏడేళ్ళకు పోయిన మా అత్త పేరు కూడా అమ్మను అడిగి కనుక్కుని పంపిస్తాను.

వచ్చే వారం నేతకానుల మగ్గాల గురించి.

జై భీమ్.